రెండో తరగతి ప్లీడరుగారు

మంగళగిరి నుంచి సీతానగరం మీదుగా బెజవాడ పోయే మనమంతా ఒక పెద్దమనిషి పేరు మీదుగా కృష్ణ దాటుతుంటాం. ప్రకాశం బ్యారేజీ! ఆ పేరుగల ఆయన ఇంజనీరు కారు, కృష్ణ ఒడ్డున పుట్టినవారూ కారు. ఆయన ప్లీడరు.

టంగుటూరి ప్రకాశంగారు 1872లో ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోతే తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని పెంచింది. కుర్రాడికేమో నాటకాల పిచ్చి. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారనే మేష్టారు వెంటబెట్టుకుని రాజమండ్రి తీసుకుపోకపోతే ఆ చదువు ఏ గట్టున ఆగేదో!

రాజమండ్రిలో సెకండు గ్రేడు ప్లీడరయ్యారు. పేరొచ్చింది, మునిసిపల్ చైర్మన్ గిరీ వచ్చింది. కాని సెకండు గ్రేడు వాడికి హైకోర్టులో నోరు విప్పే హక్కు లేదు. పంతులుగారికి అది మింగుడు పడలేదు కాబోలు, 1904లో సీమకు వెళ్ళి బారిస్టరై, 1907 నుంచి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. చేతినిండా గడించారు. 1921లో దాన్నంతా వదిలి ‘స్వరాజ్య’ పత్రిక పెట్టారు. గడించిందంతా అది తినేసింది. పత్రిక లెక్కలు చూసుకోవడం ఆయనకు చేతకాలేదనే నేనంటాను.

1928లో తుపాకీకి గుండె చూపిన కథ పిల్లలకు కూడా తెలుసు, దాటేద్దాం. నాకు అంతకన్నా పెద్దగా తోచేది 1937 తరువాతి సంగతి. రాజాజీ మంత్రివర్గంలో రెవిన్యూ మంత్రిగా జమీందారీల మీద విచారణ సంఘానికి అధ్యక్షులై, 1938లో రిపోర్టు ఇచ్చారు. నేల రైతుదే, జమీందారు శిస్తు వసూలు చేసే మనిషి మాత్రమే అని తేల్చారు. 1802 నాటి పర్మనెంటు సెటిల్‌మెంటు పునాదినే కదిలించిన వాదన అది. ఆయన జన్మలో వాదించిన కేసులన్నిటిలోకీ పెద్ద కేసు ఇదే. చట్టం కాకముందే, 1939లో మంత్రివర్గం రాజీనామా ఇచ్చింది. జమీందారీల రద్దు చట్టం 1948లో గాని రాలేదు, అప్పటికి ఆయన అధికారంలో లేరు.

1946లో మద్రాసు ప్రధాని అయ్యాక కొత్త బట్టల మిల్లులు వద్దు, రాట్నమూ మగ్గమూ చాలన్నారు. అంతా నవ్వారు. ఆ పథకం సాగేదా అంటే నాకూ అనుమానమే. అయినా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకు కూర్చునే మన ఊరివాళ్ళు నవ్వి ఉండరు. ఏడాది తిరక్కుండానే, 1947 మార్చిలో, సొంత పార్టీవాళ్ళే దింపేశారు.

మళ్ళీ 1953 అక్టోబరు 1న, ఎనభై ఒక్కేళ్ళ వయసులో, ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రి. 1855లో పూర్తయిన పాత ఆనకట్టకు 1952లో గండిపడి ఉంది. డెల్టా రైతు గుండె గుప్పిట్లో పెట్టుకుని ఉన్నాడు. 1954 ఫిబ్రవరిలో కొత్త బ్యారేజీకి శంకుస్థాపన జరిగింది. ఆ నవంబరులోనే, మద్యనిషేధం గొడవలో, ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది.

పంతులుగారు 1957 మే 20న పోయారు. బ్యారేజీ మీద రాకపోకలు మొదలైంది ఆ డిసెంబరులో.