లెక్కలతో విసిగిన సివిల్ ఇంజినీరు

ప్రోగ్రామింగ్ అనగానే మనవాళ్లకు మాదాపూర్ అద్దాల బిల్డింగులే గుర్తొస్తాయి. "అది బీటెక్ వాళ్ల పని, మనకెందుకన్నా" అంటారు మా సైట్లో పిల్లలు. అందుకే ఎపిసోడ్‌లో టైం చాలక వదిలేసిన కథ ఇక్కడ రాస్తున్నా. మొదటి కంప్యూటర్లలో ఒకదాన్ని తయారుచేసింది మన లైను మనిషే, ఒక సివిల్ ఇంజినీరు.

పేరు కోన్రాడ్ జూసే. 1910లో బెర్లిన్‌లో పుట్టాడు. సివిల్ చదివేటప్పుడు స్ట్రక్చర్ లెక్కలన్నీ చేత్తోనే చేయాలి. ఒక్క లోడు మారిందా, మళ్లీ మొదటినుంచీ. విసుగు పుట్టి గళ్ల ఫారాలు గీసుకున్నాడు. ఏ గడిలో అంకెను దేనితో గుణించాలో, వచ్చింది ఎక్కడ రాయాలో ముందే అందులో ఉండేది. దారంతా ముందే గీసి ఉంటే దాని వెంట నడవడానికి మనిషే ఎందుకు, మిషను చాలదా అనుకున్నాడు.

1935లో విమానాల ఫ్యాక్టరీలో చేరి, కొన్నాళ్లకే మానేశాడు. అమ్మానాన్నల ఇంట్లోనే పని మొదలుపెట్టాడు. స్నేహితులు డబ్బులిచ్చారు, రంపంతో రేకులు కోసిపెట్టారు. 1938లో జెడ్1 తయారైంది గానీ రేకులు ఇరుక్కుని సరిగా నడవలేదు. తర్వాత రేకులు పక్కనపెట్టి టెలిఫోన్ రిలేలు వాడాడు. 1941లో జెడ్3 నడిచింది. సినిమా రీలుకు చిల్లులు పెట్టి దానికి ఆర్డర్లు ఇచ్చేవాడు. ప్రోగ్రాంతో నడిచిన మొదటి ఆటోమేటిక్ కంప్యూటర్ అదేనని చాలామంది లెక్క. అది హిట్లర్ కాలం. కొంత డబ్బు విమాన పరిశోధన సంస్థది. 1943లో బాంబుదాడిలో ఆ మిషను పోయింది.

తర్వాత చాలా ఏళ్లు కంప్యూటర్ నిపుణుల చేతిలోనే ఉండిపోయింది. 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో కెమెనీ, కర్ట్జ్ అనే ఇద్దరు లెక్కల ప్రొఫెసర్లు బేసిక్ అనే భాష తెచ్చారు. సైన్సు చదవని పిల్లలు కూడా ప్రోగ్రాం రాయగలగాలని వాళ్ల ఉద్దేశం.

1978లో హార్వర్డ్‌లో బిజినెస్ చదువుతున్న డాన్ బ్రిక్లిన్‌కి క్లాసులో ఒక ఆలోచన వచ్చింది. పట్టికలో ఒక అంకె మారిస్తే మిగతావన్నీ వాటంతటవే మారాలి. బాబ్ ఫ్రాంక్‌స్టన్ దానికి ప్రోగ్రాం రాశాడు. 1979లో విజికాల్క్ పేరుతో ఆపిల్ 2 కంప్యూటర్ మీద బయటికొచ్చింది. జూసే గళ్ల ఫారం లాంటిదే, కాకపోతే ఇది తనే లెక్క చేసుకుంటుంది. ఇప్పుడు మనం వాడే ఎక్సెల్ దాని తర్వాతి తరమే.

స్టీల్ ఫిక్సర్లందరికీ తెలిసిన ఫార్ములా ఉంది కదా. కమ్మీ సైజు మిల్లీమీటర్లలో వేసి, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 16 ఎంఎం అయితే 1.58 కిలోలు. ఇది ఒక గడిలో రాసి కిందికి లాగితే మొత్తం స్లాబు స్టీలు లెక్క తేలిపోతుంది. అది కూడా ప్రోగ్రామే తమ్ముడూ.

ఓటీ లెక్కా అంతే. యూఏఈ చట్టంలో ఓటీకి బేసిక్ మీద గంటకు కనీసం 25 శాతం ఎక్కువివ్వాలి. రాత్రి 10 నుంచి తెల్లవారుజాము 4 మధ్య అయితే 50 శాతం, షిఫ్టుల వాళ్లకు తప్ప. మీ బేసిక్ 900 దిర్హాంలు అనుకోండి. 30 రోజులు, రోజుకు 8 గంటల లెక్కన గంటకు 3.75. పగటి ఓటీ 40 గంటలు చేస్తే 187.50 రావాలి. మిగతా దేశాల్లో రేటు వేరే, అక్కడి చట్టం చూసుకోండి.

ఫోన్‌లోనే షీట్ పెట్టుకోండి. తేదీ, ఎక్కిన టైం, దిగిన టైం, ఓటీ గంటలు, ఈ నాలుగు గళ్లు చాలు. మొదటి లైను చేత్తో కూడా చేసి సరిచూసుకోండి, ఫార్ములా తప్పయితే కింద అన్నీ తప్పే. జీతం తక్కువొచ్చిందని రూంలో గొణుక్కుంటే ఎవరూ వినరు. ఏ తేదీన ఎన్ని గంటలు పోయాయో చూపిస్తే టైం కీపర్ రిజిస్టర్ తీయక తప్పదు.