తేగలు కాలేలోగా

ఇలా రా అమ్మడూ, కుంపటి దగ్గరికి జరుగు. ధనుర్మాసపు చలి నీ వయసు చూసి జాలిపడదు. తేగలు వేశాను, అవి కాలేదాకా ఆ ఫోను పక్కన పెట్టు. మీ యూనివర్సిటీలో ఆడపిల్లల కమిటీలో నిన్ను వేసుకున్నారని మీ అమ్మ వీధంతా చెప్పుకుని మురిసిపోతోంది. నువ్వేమో "ఏముందమ్మమ్మా, లైబ్రరీలో బాత్రూము తలుపులకు గొళ్ళేలు పెట్టించడానికే మూడు నెలలు తిరిగాం. సమానత్వం అంటే ఇదా?" అని మూతి ముడుచుకు కూర్చున్నావు. ఇదేనే పిచ్చిపిల్లా! ఆడపిల్ల చదువు తెలివి చాలక ఆగిందని నేనెక్కడా వినలేదు. పడుకోవడానికి చోటు లేక, వెయ్యడానికి తలుపు లేక ఆగింది.

దుర్గాబాయి గారి కథ తెలుసా? పేరు విన్నావు, అంతేనా? సరే విను. రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభలు జరిగినప్పుడు ఆవిడకి నిండా పద్నాలుగేళ్ళు. ఖద్దరు ఎగ్జిబిషన్ గుమ్మం దగ్గర వాలంటీరు. టిక్కెట్టు లేకుండా వచ్చారని జవహర్‌లాల్ నెహ్రూ గారినే ఆపేసింది ఆ పిల్ల! టిక్కెట్టు కొన్నాకే లోపలికి వదిలింది. మా నాన్నగారు ఈ ముచ్చట చెప్పినప్పుడల్లా తనూ ఆ గుమ్మం దగ్గరే నిలబడ్డట్టు చెప్పేవారు, పాపం అప్పటికి ఆయన పుట్టనే లేదు.

ఇంతకీ ఎక్కడున్నాం? ఆఁ, చదువు. ఉప్పు సత్యాగ్రహం, జైళ్ళు అన్నీ అయ్యాక ఆవిడ మళ్ళీ పుస్తకం పట్టారు. కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు కూర్చుని నెగ్గారు. తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఏ. ఆనర్స్ చదువుతానంటే, ఆడపిల్లలకు హాస్టలు లేదు, ఎలా కుదురుతుందన్నారు. ఇంకొకరైతే తిరుగు రైలెక్కేవారు. ఆవిడ పేపర్లో ప్రకటన వేయించారు. అది చూసి, చదువుకోవాలని ఉండీ బస లేక ఇళ్ళల్లో కూర్చున్న పిల్లలు కదిలి వచ్చారు. అందరూ కలిసి చోటు చూసుకుని, తమ హాస్టలు తామే పెట్టుకున్నారు. 1939లో పట్టా చేతికొచ్చింది. ఆ తర్వాత లా చదివారు, రాజ్యాంగ సభలో కూర్చున్నారు. 1958లో దేశం మొత్తానికీ ఆడపిల్లల చదువు గురించి వేసిన జాతీయ కమిటీకి పెద్దగా ఉన్నారు. అంత దూరం నడిచిన మనిషికి వాల్తేరులో అడ్డం పడిందేమిటి? ఓ గదీ, ఓ మంచమూ.

తేగ తిప్పు, ఒక వైపే మాడిపోతోంది.

ఇక నా సంగతి. 1971లో ఎం.ఏ.లో చేరాను. ఏ యూనివర్సిటీ అన్నది ఎందుకులే, అప్పట్లో ఎక్కడైనా అదే తంతు. తులం బంగారం రెండొందల పైచిలుకు ఉండేది. నాన్నగారు బడి పంతులు, నాకు హాస్టల్లో భోజనం ఖర్చే నెలకు డెబ్భై అయ్యేది. మా బామ్మ పుస్తెలతాడు చేయించుకోవడానికని దాచుకున్న డబ్బు తెచ్చి నాన్నగారి చేతిలో పెట్టి, "తాడు పసుపుదైనా తాడే" అని ఊరుకుంది. బడి మెట్టు ఎక్కని మనిషి! బంధువులందరూ ఒక దారి, ఆవిడ ఒక్కతే ఒక దారి.

ఇంటికి వారానికో ఇన్‌లాండ్ ఉత్తరం రాయాలి. ఆ ఏడాది చివర్లో బంగ్లా శరణార్థుల కోసమని దాని మీద ఇంకో ఐదు పైసల స్టాంపు కూడా అంటించమన్నారు. కార్డుకి అక్కర్లేదు. అందుకని కార్డే రాసేదాన్ని. పోస్ట్‌మాన్ దగ్గర్నుంచి పక్కింటి పిన్నిగారి దాకా అందరూ చదివేవారు, ఇక దాంట్లో కష్టాలేం రాస్తాను?

క్లాసులో నలభై మంది మగపిల్లలు, ముగ్గురం ఆడపిల్లలం. నవ్వకు, నిజం చెబుతున్నాను. మేం నేరుగా క్లాసులోకి వెళ్ళకూడదు. లేడీస్ వెయిటింగ్ రూములో కూర్చోవాలి. లెక్చరర్ గారు వస్తే ఆయన వెనకాలే కోడిపిల్లల్లా వెళ్ళి ముందు బెంచీలో కూర్చోవాలి, గంట కొట్టగానే మళ్ళీ ఆయన వెనకే బయటికి. సందేహం అడగాలంటే వెనక నుంచి దగ్గులు మొదలయ్యేవి. రెండేళ్ళలో నేను నోరు విప్పి అడిగినవి నాలుగంటే నాలుగు ప్రశ్నలు. నాలుగూ ఇప్పటికీ గుర్తున్నాయి.

ఏనుగు వెళ్ళి తోక చిక్కినట్టు, సీటు దొరికింది, హాస్టలు దొరికింది, మా డిపార్టుమెంటులో ఆడపిల్లలకు మరుగుదొడ్డి మాత్రం లేదు. హాస్టలు మైలున్నర దూరం. పొద్దున కాఫీ మానేశాం. నీళ్ళు గొంతు తడిసేంతే తాగేవాళ్ళం. ఎండాకాలం మధ్యాహ్నం క్లాసులో పెదాలు అంటుకుపోయేవి. మాలో నెల్లూరు పిల్ల మూత్రంలో మంట వచ్చి, జ్వరం పట్టి పదిహేను రోజులు మంచం మీద ఉంది. డాక్టరమ్మ, "నీళ్ళెందుకు తాగవమ్మా?" అంటే ఆ పిల్ల గోడ వైపు తిరిగి ఏడ్చింది. మాకెవరికీ చెప్పాలని తోచలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, అడగడానికి ఆ మాట నోట పలకడమే సిగ్గు మాకు.

ఓ లెక్చరరమ్మ ఉండేవారు. ఆవిడే కనిపెట్టి, స్టాఫు వాళ్ళకున్న రెండు మరుగుదొడ్లలో ఒకదానికి తాళం వేయించి, తాళంచెవి మా ముగ్గురికీ ఇచ్చారు. ఇత్తడి చెవి, దానికి ఎర్ర దారం. కొంగున ముడేసుకునేదాన్ని. ఆ రోజు గ్లాసెడు నీళ్ళు తాగి క్లాసుకు వెళ్ళాను. మొదటి ప్రశ్న అడిగింది ఆ వారమే.

1972 చివర్లో జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది. కాలేజీలు మూసేశారు, హాస్టళ్ళు ఖాళీ చేయించారు. నెలల తరబడి ఇంట్లోనే. మళ్ళీ తెరిచాక మగపిల్లలు దాదాపు అందరూ వచ్చేశారు. నెల్లూరు పిల్ల రాలేదు. పిల్ల ఇంట్లో ఖాళీగా ఉంది కదా అని సంబంధం చూసి పెళ్ళి చేసేశారు. మగపిల్లలకు పోయింది కొన్నాళ్ళ చదువు. దానికి మొత్తం పోయింది. అది నాకంటే తెలివైనది అమ్మడూ.

ఇక వెకిలి మాటలు, బోర్డు మీద పేర్లు రాయడాలు అంటావా, ఇంట్లో చెబితే ఆ పని చేసినవాణ్ణి ఏమీ అనరు, మమ్మల్ని చదువు మానిపిస్తారు. అందుకని నోరు కుట్టుకున్నాం. పనిచేసే చోట ఆడవాళ్ళ మీద వేధింపులకు అడ్డుకట్ట వేయాలని సుప్రీంకోర్టు విశాఖ కేసులో చెప్పింది 1997లో. చట్టం వచ్చింది 2013లో. యూనివర్సిటీల్లో ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలి, విద్యార్థుల కేసైతే అందులో విద్యార్థులూ కూర్చోవాలని యూజీసీ 2015 నియమాలు చెబుతున్నాయి. ఇప్పుడు చెప్పుకోవడానికి ఒక గుమ్మం ఉంది. ఏ పిల్లయినా రాత్రి పదింటికి ఏడుస్తూ నీ గది తలుపు తడితే, "రుజువేది?" అనకు ముందు. కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వు.

ఇదిగో, కాలింది. చేతులు కాల్చుకోకు, ఊది పొట్టు తియ్యి. నిలువునా చీలిస్తే మధ్యలో చందమామ ఉంటుంది, అది నీది. చిన్నప్పుడు దానికోసం మీ అన్నతో జుట్లు పట్టుకునేదానివి.

ఇంతకీ ఆ గొళ్ళేలు ఇత్తడివా, ఇనపవా? ఒక్కోటీ ఎంత పడిందే?