హ్యాండిల్ నుంచి సెల్ఫ్ దాకా: పాత కారులో ఏది అసలు?

పాత కార్లను సేకరించి పునరుద్ధరించేవారి మధ్య ఎడతెగని వివాదం ఒకటుంది. ఇంజనును కదిలించే స్టార్టర్ వ్యవస్థను కారు తయారైననాటి రూపంలోనే కాపాడాలా, లేక కాలానుగుణంగా మార్చుకోవాలా అన్నది ఆ వివాదం. పైకి ఇది అభిరుచి భేదంగానే కనిపిస్తుంది. కాని స్టార్టర్ చరిత్రను పరిశీలిస్తే, 'అసలుది' అన్న మాటకు మనం ఇచ్చుకునే అర్థమే ఇక్కడ పరీక్షకు నిలుస్తుంది.

తొలితరం కార్లలో ఎక్కువవాటిని ముందుభాగంలో ఇనుప హ్యాండిల్ పెట్టి, చేతితో తిప్పి స్టార్టు చేసేవారు. స్పార్క్ సమయానికి ముందే పడితే ఇంజను వెనక్కి తిరిగి తన్నుతుంది. ఆ దెబ్బ హ్యాండిల్ గుండా నేరుగా మణికట్టుకు చేరుతుంది. ముంజేతిలో బొటనవేలి వైపుండే రేడియస్ ఎముక కొస విరగడాన్ని వైద్యగ్రంథాలు నేటికీ 'షోఫర్ ఫ్రాక్చర్' అనే పేర్కొంటాయి. షోఫర్ అంటే కారు డ్రైవరు. ఇప్పుడా గాయం కింద పడినప్పుడో, రోడ్డు ప్రమాదంలోనో తగులుతోంది. కారణం మారినా పేరు మారలేదు. ఫోర్డ్ మోడల్ టీ నడిపేవారు స్టీరింగుకు ఎడమవైపున్న మీటను పైకి నెట్టి స్పార్క్‌ను ఆలస్యం చేసేవారు. బొటనవేలిని తక్కిన వేళ్ళ వైపే ఉంచి, ఎడమచేతితో హ్యాండిల్‌ను కిందినుంచి పైకి లాగేవారు. ఇంజను ఎదురు తన్నితే పట్టు దానంతటదే విడిపోవాలన్నది ఈ జాగ్రత్తలోని కిటుకు.

ఈ ప్రమాదానికి విరుగుడుగా సంపీడిత వాయువుతోనూ, స్ప్రింగులతోనూ ప్రయత్నాలు జరిగాయి. నిలదొక్కుకున్నది మాత్రం విద్యుత్ మార్గం. ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నగరంలో నేషనల్ క్యాష్ రిజిస్టర్ సంస్థలో పనిచేసిన చార్లెస్ కెటరింగ్, అక్కడ గల్లాయంత్రాన్ని విద్యుత్ మోటారుతో నడిపించాడు. క్షణకాలం పనిచేసి ఆగే మోటారు, నిరంతరం తిరిగే మోటారంత పెద్దదిగా ఉండనక్కరలేదని ఆ అనుభవం నేర్పింది. కాడిలాక్ అధిపతి హెన్రీ లీలండ్ కోరికపై ఆయన ఆ సూత్రాన్నే కారుకు అన్వయించాడు. 1912 మోడల్ కాడిలాక్‌లో అమర్చిన ఆ యంత్రం మొదట మోటారుగా ఇంజనును తిప్పి, ఆపైన జనరేటరుగా మారి బ్యాటరీని నింపేది. తెలుగునాట డ్రైవర్లూ మెకానిక్కులూ స్టార్టర్‌ను 'సెల్ఫ్' అంటారు. 'సెల్ఫ్ స్టార్టర్' అన్న పేరులో మిగిలిన ముక్క అది. చేత్తో తిప్పే హ్యాండిల్ ఒకప్పుడు ఉండేదని తెలిస్తేనే ఆ మాటకు అర్థం బోధపడుతుంది.

మరి ఏది అసలు? మోడల్ టీ 1908 నుంచి 1927 దాకా తయారైంది. ఫోర్డ్ సంస్థ దానికి విద్యుత్ స్టార్టర్‌ను 1919లో గాని ప్రవేశపెట్టలేదు. అంతకుముందు కొన్న కార్లకు విడిగా దొరికే స్టార్టర్లను బిగించుకున్నవారు ఉన్నారు. 1915 నాటి కారుకు 1920లలో యజమాని బిగించుకున్న స్టార్టర్‌ను ఇవాళ 'అసలుది కాదు' అని తీసివేస్తే, చెరిగిపోయేది మణికట్టును కాపాడుకోవాలనుకున్న ఒక మనిషి చరిత్ర. కారు చరిత్ర కర్మాగారం గుమ్మం దగ్గరే ముగిసిపోదు.

నేటి వివాదంలో ఎక్కువభాగం ఆరు వోల్టుల కార్ల చుట్టూ తిరుగుతుంది. ఇంజన్లలో కంప్రెషన్ పెరిగి, వాటిని తిప్పడానికి ఎక్కువ బలం అవసరమవడంతో, అమెరికన్ తయారీదారులు 1950ల మధ్యకల్లా పన్నెండు వోల్టులకు మారారు. అంతకుముందటి కార్ల యజమానులలో చాలామంది 'ఆరు వోల్టులు చాలవు' అని పూర్తి మార్పిడికి పూనుకుంటారు. లెక్క చూద్దాం. ఒక హార్స్‌పవర్ విద్యుత్తుకు ఆరు వోల్టుల వద్ద సుమారు 125 ఆంపియర్లు కావాలి. పన్నెండు వద్ద అందులో సగం చాలు. తీగలలో, బిగింపుల్లో 0.01 ఓమ్ నిరోధం ఉంటే మొదటి పద్ధతిలో 1.25 వోల్టులు, అంటే ఐదో వంతుకు పైగా, దారిలోనే పోతాయి. రెండో పద్ధతిలో నష్టం ఐదు శాతమే. కాబట్టి తుప్పుపట్టిన బిగింపు, సన్నని కేబులు, సరిగా తగలని ఎర్తు ఆరు వోల్టుల వ్యవస్థను కుంగదీస్తాయి. నింద మాత్రం వోల్టేజిపై పడుతుంది.

నాడి చూడకుండా శస్త్రచికిత్సకు దిగకూడదన్నది వైద్యంలో మొదటి పాఠం. ఇక్కడా అదే వర్తిస్తుంది. మందపాటి కేబుళ్ళు వేసి, బిగింపులు శుభ్రపరచి, మోటారులో అరిగిన బ్రష్షులు మార్చితే, ఇంజను ఆరోగ్యంగా ఉన్నంతవరకు ఆనాటి స్టార్టర్ ఆనాటిలాగే పనిచేస్తుంది. పన్నెండు వోల్టులకు మారితే బల్బులు, కాయిల్, మీటర్లు, రేడియో అన్నిటినీ మార్చాలి, లేదా వాటికి వోల్టేజి తగ్గించే ఏర్పాటు చేయాలి. పాత మోటారునే ఉంచి వోల్టేజి రెట్టింపు చేస్తే, దాని పినియన్ ఫ్లైవీలు పళ్ళను మరింత గట్టిగా కొడుతుంది.

అయినా మార్పు ఎన్నడూ కూడదనడం న్యాయం కాదు. చెయ్యి సత్తువ తగ్గిన వృద్ధుడు హ్యాండిల్‌తో మోడల్ టీని తిప్పాలని ఎవరూ శాసించలేరు. ఎముక కంటే ఇనుము విలువైనది కాదు. 1964 నాటి వెనిస్ చార్టర్ స్ఫూర్తితో చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా రూపొందించిన ట్యురిన్ చార్టర్ ఇటువంటి సందర్భాలకు దారి చూపుతుంది. మార్పు చేయక తప్పకపోతే దాన్ని తిరిగి తొలగించే వీలుండాలి, ఏం చేశారో నమోదు కావాలి. నా దృష్టిలో ఆచరణకు మూడు నియమాలు చాలు: కొత్త స్టార్టర్ కోసం ఛాసిస్‌లో కొత్త రంధ్రం వేయకూడదు, తీసిన భాగాన్ని పారవేయకూడదు, ఎందుకు మార్చామో రాసి కారుతోనే ఉంచాలి. కారుకు అదే కేస్ షీటు. రేపు ఆ కారు చేతికి వచ్చినవారు మన నిర్ణయాన్ని తప్పనుకుంటే దిద్దుకునే అవకాశం వారికి మిగలాలి.