వెండి బిళ్ల మీద ఎవరి బొమ్మ?

మన గూడేల్లో, తండాల్లో అవ్వల మెడలో రూపాయి బిళ్లల పేరు చూడని పిల్లలు తక్కువ. విక్టోరియా రాణి, జార్జి రాజు, నిజాం కాలపు చార్మినార్. ఆ బొమ్మలు ఎవరివో అవ్వలు పట్టించుకోలేదు. వాళ్లకు వెండి తెలుసు, కరువు తెలుసు. పంట పోయిన ఏడు ఆ బిళ్లలు భైంసా అంగట్లో తూకానికి పోతాయి. కరిగిన బిళ్లకు బొమ్మ ఉండదు, కథా ఉండదు.

పరాయి దేశపు వెండి మన నేలకు రావడం కొత్త కాదు. రెండు వేల ఏండ్ల కింద రోము వెండి నాణెం దెనారియస్ ఇక్కడికి వచ్చింది. బరువు నాలుగు గ్రాముల లోపే. నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లిలో 1500కు పైగా ఒక్కచోటే దొరికాయి. వాటిలో ఎక్కువ అగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవి. టైబీరియస్ నాణెం ఒకవైపు అతని తల, రెండోవైపు చేత కొమ్మ పట్టుకొని కూర్చున్న స్త్రీ. తలచుట్టూ ఉన్న అక్షరాలు అతన్ని 'దేవుడైన అగస్టస్ కొడుకు' అంటాయి.

ఈ వెండి ఎందుకు వచ్చింది? క్రీ.శ. మొదటి శతాబ్దపు గ్రీకు రచన పెరిప్లస్‌లో జవాబుంది. మన గోదావరికి ఎగువనున్న పైఠాన్ నుంచి, తేర్ నుంచి సరుకులు బండ్లమీద భరుకచ్ఛ రేవుకు పోయేవి. తేర్ నుంచి పోయేది ముఖ్యంగా బట్టలు. ఆ రేవులో రోము నాణేలు లాభానికి మారేవి.

తర్వాత శాతవాహనులూ తమ తలబొమ్మతో వెండి నాణేలు వేశారు. వాటిని రోము నాణెం పక్కన పెట్టి చూడండి. అక్కడ తండ్రి పేరు, ఇక్కడ తల్లి పేరు: గౌతమీపుత్ర, వాసిష్ఠీపుత్ర. ఒకవైపు ప్రాకృతం, రెండోవైపు ద్రావిడ కుటుంబపు భాష. మన గోండి, కొలామి ఆ కుటుంబంలోవే. రాజు తన నాణెం మీద జనం నోటి మాటకు చోటిచ్చాడు. బడిలో మన భాషకు చోటు అడగడానికి మనకెందుకు సిగ్గు?

అయితే పత్తి ఏరిన చేతులు, బండి తోలిన మనుషులు ఏ నాణెం మీదా లేరు. వాళ్ల చరిత్ర మనమే వెతకాలి.

అందుకే పంతుళ్లకు మా మనవి. పిల్లలతో అవ్వల బిళ్లలను కాగితం కింద పెట్టించి పెన్సిలుతో రుద్దించండి. బొమ్మ దిగుతుంది. అది ఎట్ల వచ్చిందో అవ్వనే అడిగి పక్కన రాయించండి. దున్నేటప్పుడు పాత నాణెం దొరికితే చింతపండుతో తోమొద్దు, కరిగించొద్దు. తహసీల్దారుకు చెప్పండి. బిళ్ల ఒకసారి కరిగితే మళ్లీ చదవలేం.