పింగాణీ పగిలితే తెలిసేది

తీగను స్తంభానికి పట్టి ఉంచాలి, కరెంటును మాత్రం స్తంభంలోకి దిగనివ్వకూడదు. ఇన్సులేటర్ పని ఇంతే. తంతి లైన్ల కాలంలో గాజు, పింగాణీ ఈ పని చేశాయి. 1907లో అమెరికాలో హ్యూలెట్, బక్ వేలాడే డిస్కులను రూపొందించాక, డిస్కులను గొలుసుగా పేర్చి వోల్టేజిని పెంచుకుంటూ పోయారు. మన దగ్గర 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం, 1966లో కొత్తగూడెం థర్మల్ కేంద్రం, 1980ల చివర దిగువ సీలేరు నుంచి బార్సూరు దాకా అడవుల్లో 196 కిలోమీటర్ల ప్రయోగాత్మక డీసీ లైను వచ్చాయి. ఒకవైపు గోదావరి, మరోవైపు ఛత్తీస్‌గఢ్ అడవి ఉన్న చర్ల వంటి మారుమూల మండలాలకూ క్రమంగా వెలుగు చేరింది.

పింగాణీ కాలంలో నష్టాన్ని అంచనా కట్టడం తేలిక. పిడుగుపడి చిప్ప పగిలితే లైన్‌మన్ కింద నుంచే గుర్తుపట్టేవాడు. లోపల చిల్లు పడినా, ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే మెగ్గర్ పట్టిచ్చేది. గట్టిపరచిన గాజు డిస్కు పాడైతే పూర్తిగా రాలిపోయి తన సంగతి తానే చెప్పేది.

1960లలో పాలిమర్ రంగంలోకి దిగింది. మధ్యలో గాజునార కడ్డీ, దాని మీద సిలికాన్ రబ్బరు రెక్కలు, రెండు చివర్లా లోహపు బిగింపులు. బరువు పింగాణీ గొలుసులో దాదాపు పదో వంతు. రాయి విసిరినా పగలదు. వాగులు దాటి భుజాన మోసుకెళ్లాల్సిన చోట ఇది గొప్ప ఊరట. ఉత్తర భారతంలో పొగమంచుకు, కాలుష్యానికి లైన్లు పదేపదే ట్రిప్ అయినప్పుడు కేంద్ర ప్రసార సంస్థ పవర్‌గ్రిడ్ పింగాణీని తీసి పాలిమర్ పెట్టింది. తామరాకు మీదలా దీనిపై నీరు బొట్లుగా నిలుస్తుంది, పొరగా పరుచుకోదు.

ఈ గుణమే మెల్లగా కరిగిపోతుంది. ఎండ, కరోనా (అధిక వోల్టేజికి చుట్టూ గాలిలో పుట్టే విద్యుత్ స్రావం), దుమ్ము కలిసి రబ్బరును తెల్లబరుస్తాయి, సన్నని పగుళ్లు తెస్తాయి. లీకేజీ కరెంటు నల్లని దారులు కాలుస్తుంది. చివరి సీలు వదిలి తేమ చొరబడితే, లోపల పుట్టే ఆమ్లం గాజునారను కొరుకుతుంది. అప్పుడు కడ్డీ మామూలు బరువుకే రంపంతో కోసినంత నున్నగా తెగుతుంది. పై రెక్కలు చెక్కుచెదరకుండానే తీగ నేలకు జారుతుంది. ఈ చావుదెబ్బ తెలిశాకే బోరాన్ లేని, ఆమ్లాన్ని తట్టుకునే గాజునార వాడకం పెరిగింది.

పరీక్షా మారింది. స్వీడన్‌లో రూపొందిన పద్ధతిలో, కరెంటు ఆపి, రబ్బరుపై నీళ్లు పిచికారీ చేసి, బొట్లు గుండ్రంగా నిలిస్తే హెచ్‌సి-1 (నీటిని వికర్షించే తరగతి), పూర్తిగా పొర కడితే హెచ్‌సి-7 అని లెక్కగడతారు. థర్మల్ కెమెరా లోపలి వేడిని పట్టిస్తుంది. అతినీలలోహిత కెమెరా పట్టపగలే కరోనాను చూపుతుంది. అయినా ఏ ఒక్క పరికరమూ అన్నీ చెప్పదు. పొడి వాతావరణంలో చల్లగా కనిపించిన కడ్డీ తేమలో వేడెక్కవచ్చు.

చర్ల లాంటి చోట వానలు, తేమ, నాచు, పక్షుల ముక్కులు అన్నీ కలుస్తాయి. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఈ తీరం ముంపు చూసింది. అలాంటప్పుడు సిబ్బంది లైను దగ్గరకు పోవడమే కష్టం, వెతికి పట్టుకోవడం ఇంకా కష్టం. అందుకే ప్రతి ఇన్సులేటర్‌కూ తయారీదారు, బిగించిన సంవత్సరం, రబ్బరు రకం రాసి ఉంచాలి. కొన్నేళ్లకోసారి నాలుగైదు దించి ప్రయోగశాలలో పరీక్షించాలి, హైదరాబాద్ ఉప్పల్‌లో కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ (సీపీఆర్‌ఐ) అత్యధిక వోల్టేజి పరిశోధనాలయం ఉండనే ఉంది. పింగాణీ తన నష్టాన్ని తానే చూపేది. పాలిమర్ దాచుకుంటుంది కాబట్టి ఆ బాధ్యత ఇక మన రికార్డులదే.