భయం నుంచి భక్తికి: పురుషోత్తమ చౌదరి కీర్తనలలో లేఖన వినియోగం

ప్రస్తావన

తెలుగు క్రైస్తవ కీర్తనకారులలో తొలితరానికి చెందినవారు పురుషోత్తమ చౌదరి (1803-1890). ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలోని భక్తితత్త్వాన్ని ఆర్.ఆర్. సుందరరావు ఇదివరకే పరిశీలించారు. ఆ భక్తి భయాన్ని ఎలా ఎదుర్కొన్నది అనే అంశానికే ఈ వ్యాసం పరిమితం. భయపడిన మనసుకు ధైర్యం చెప్పడానికి చౌదరి బైబిలు లేఖనాన్ని ఆశ్రయించారు. అయితే ఆ లేఖనం తెలుగు కీర్తన సంప్రదాయంలో ఒదిగే క్రమంలో భయమనే భావమే రూపం మార్చుకున్నది. రెండు కీర్తనల ఆధారంగా ఈ ప్రతిపాదనను పరిశీలిద్దాం.

చారిత్రక నేపథ్యం

చౌదరి పర్లాకిమిడి ప్రాంతంలో స్థిరపడిన బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. నాడు పర్లాకిమిడి, శ్రీకాకుళం రెండూ మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేవి. 1832-33 సంవత్సరాలలో పర్లాకిమిడి జమీందారీలో అలజడులు చెలరేగగా, వాటిని అణచడానికి కంపెనీ ప్రభుత్వం జార్జి రస్సెల్‌ను ప్రత్యేక కమిషనరుగా పంపింది. 1833లోనే చౌదరి కటకంలో బాప్తిస్మం పొందారు. అనంతరం విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాలలో బోధకుడిగా పనిచేశారు.

ఆనాటి బ్రాహ్మణునికి బాప్తిస్మం కేవలం విశ్వాసానికి సంబంధించిన విషయం కాదు. పంక్తిభోజనం, వియ్యం, పితృకర్మ వంటి బంధాలన్నీ దానితో తెగిపోయేవి. మతం మారినవారి ఆస్తి, వారసత్వ హక్కులకు కంపెనీ పాలిత ప్రాంతాలన్నిటిలో చట్టరక్షణ లభించింది 1850 నాటి 21వ చట్టంతోనే. చౌదరి బాప్తిస్మానికి, ఆ చట్టానికి మధ్య పదిహేడేళ్ల ఎడం ఉంది. కనుక ఆయన ఎదుర్కొన్న భయానికి సామాజికంగా బలమైన కారణాలున్నాయి. అయినా ఇక్కడ పరిశీలించే రెండు కీర్తనలలో వెలి గురించిన మాట లేదు. వాటిలోని ఆర్తి అంతా అంతరంగానికి చెందినది.

మొర: త్రాహి

మొదటి కీర్తన 'త్రాహిమాం' అనే మొరతో ఆరంభమవుతుంది. స్తోత్ర వాఙ్మయంలో చిరపరిచితమైన ఈ సంస్కృత పదాన్ని చౌదరి క్రీస్తు సంబోధనకు చేర్చారు. భక్తుడు తాను ఇంద్రియాలకు లొంగినవాడినని ఒప్పుకొంటాడు, పాదాలే దిక్కంటాడు, ఇంకా రక్షించవేమని నిలదీస్తాడు. దైన్యంతో పాటు చనువుతో కూడిన ఈ నిష్ఠూరం రామదాసు కీర్తనలు ఎరిగిన పాఠకునికి కొత్తది కాదు. భయం ఇక్కడ తొలగిపోలేదు. కానీ దానిని చెప్పుకోవడానికి ఒక దిక్కు దొరికింది. శరణాగతిలో ఇది మొదటి మెట్టు.

స్తుతి: మనసా

రెండవది 103వ దావీదు కీర్తనకు చౌదరి చేసిన గేయరూపం. మూలంలో కీర్తనకారుడు తన ప్రాణాన్ని సంబోధిస్తాడు. చౌదరి చరణంలో 'జీవమా' అన్నా, పల్లవిలో 'మనసా' అనే పిలుపునే ఎంచుకున్నారు. త్యాగరాజాదుల కృతులలో మనసు చంచలమైనది, బుద్ధి చెప్పవలసినది. ఆ ఒక్క పిలుపుతో హీబ్రూ స్తుతిగీతం తెలుగు చిత్తప్రబోధ సంప్రదాయంలో చేరింది. పాడేవాడు దేవుణ్ణి స్తుతిస్తూనే, బెదిరిన తన మనసుకు పొందిన మేళ్లను గుర్తుచేస్తాడు.

ఇంతకంటె ముఖ్యమైన మార్పు మరొకటి ఉంది. 103వ కీర్తన 11, 13, 17 వచనాలలో దేవుని కృపకు పాత్రులైనవారిని ఆయనకు భయపడేవారుగా పేర్కొంటుంది. హీబ్రూలో భయానికి, పూజ్యభావానికి ఒకే ధాతువు. వాడుకలోని తెలుగు బైబిలు ఈ రెండు అర్థాలనూ నిలుపుకొనేందుకు 'భయభక్తులు' అనే జంటపదాన్ని స్వీకరించింది. పెద్దల యెడల, గురువుల యెడల మెలగవలసిన తీరును చెప్పే మాటగా అది తెలుగువారికి పరిచితమే. చౌదరి గేయంలో మాత్రం, తండ్రి బిడ్డలపై జాలిపడే 13వ వచనపు పోలిక వద్ద, 'భక్తిపరులు' అనే పదం మాత్రమే కనిపిస్తుంది. జంటపదంలోని భయం జారిపోయి భక్తి మిగిలింది.

దీనికి ఛందోనిర్బంధం కూడా కారణమై ఉండవచ్చు. కానీ ఈ మార్పు తండ్రి జాలిని చెప్పే చోటనే జరగడం గమనార్హం. తండ్రిగా ఎరిగిన దైవం యెదుట శిక్షాభయానికి తావు తగ్గుతుందన్న భావన ఆ పదం ఎంపికకు చక్కగా అతుకుతుంది.

ముగింపు

రెండు కీర్తనలను పక్కపక్కన ఉంచి చదివితే భయం మొరగా, మొర స్తుతిగా మారే క్రమం స్పష్టమవుతుంది. ఇది రచనాకాల క్రమం కాదు, భావక్రమం. ఈ పరిణామానికి బైబిలు వస్తువునిచ్చింది. త్రాహి, మనసా, భక్తి అనే పదాలను తెలుగు కీర్తన ఇచ్చింది. స్వజనానికి దూరమైన వ్యక్తి తన ధైర్యాన్ని ఆ స్వజనం ఎరిగిన పదాలలోనే వెతుక్కొన్నాడు. మతం మారినా కీర్తన భాష ఆయనకు పరాయిది కాలేదు. క్రైస్తవ కీర్తనను మిషనరీ ప్రచార సాహిత్యంగా మాత్రమే వర్గీకరిస్తే ఈ కొనసాగింపు మరుగున పడుతుంది. ఉత్తరాంధ్ర కీర్తన వాఙ్మయ చరిత్రలో భాగంగా చౌదరి రచనలను అధ్యయనం చేయడం అందుకే అవసరం.