మన పొయ్యి మీది వంటలు, మన బతుకుల చరిత్ర



ఏటా ఈ పుస్తకంలో పొదుపు ఎంత కట్టినాం, బ్యాంకు లింకేజీ ఎంత వచ్చింది, ఎంత తిరిగి కట్టినాం అని రాసుకుంటాం. ఈసారి మేము వంటల గురించి రాస్తున్నాం. మా సంఘంలో అరవై దాటిన అవ్వల దగ్గర కూర్చొని, వాళ్ళు చిన్నప్పుడు ఏమి తిన్నారు, ఎట్లా వండినారు అని అడిగి రాసుకున్నాం. వాళ్ళు వంట చెప్పినప్పుడల్లా కరువు, కూలి, చాకిరి కూడా చెప్పినారు. అందుకే దీన్ని చరిత్ర అంటున్నాం. అనంతపురం సీమ ఆడవాళ్ళ చరిత్ర రాజుల పుస్తకాల్లో తక్కువ, కుండల్లోనే ఎక్కువ ఉంది.

సంగటి

మన సీమలో అన్నం తిన్నావా అని అడగడం ఈ మధ్య వచ్చిన మాట. ముందు సంగటి తిన్నావా అనే అడిగేవాళ్ళు.

నలుగురికి ఒక గ్లాసు బియ్యం గానీ నూకలు గానీ కడిగి అర్ధగంట నానబెట్టాలి. ఐదు గ్లాసుల నీళ్ళు పోసి మెత్తగా ఉడికించి, ఉప్పు వేయాలి. ఇంకా నీళ్ళు ఉండగానే గ్లాసున్నర రాగిపిండి నడుమ కుప్పగా పోయాలి. అప్పుడే కలపొద్దు. కట్టెతో నడుమ ఒక బెజ్జం చేసి, మూత పెట్టి, సన్న మంట మీద పది నిమిషాలు ఉంచాలి. దించి, కుండను గట్టిగా పట్టుకుని, ఉండలు లేకుండా కట్టెతో గెలకాలి. చేయి తడి చేసుకుని ముద్దలు చేసుకోవాలి. మిగిలిన ముద్ద రాత్రి నీళ్ళలో వేసి, పొద్దున మజ్జిగ, ఎర్రగడ్డ వేసుకుంటే అదే చేనికి పోయేవాళ్ళ సద్ది.

ఒక అవ్వ చెప్పింది: "అప్పుడు బియ్యం గుప్పెడే వేసేవాళ్ళం, మిగతాదంతా పిండే. పండగనాడు, పెండ్లినాడు మాత్రం తెల్లన్నం." బియ్యం చెరువు కింద మడి ఉన్నవాళ్ళవి. మెట్ట చేలవాళ్ళకు రాగి, జొన్న, కొర్ర, సజ్జ. ఎవరింట్లో ఏది ఉడుకుతుందో చూస్తే వాళ్ళకు ఎంత భూమి ఉందో తెలిసిపోయేది.

మన పక్కనే కన్నడ సీమలో కనకదాసు 'రామధాన్య చరిత్రె' అని ఒక కావ్యం రాసినాడు. అందులో రాగి, వడ్లు నేను గొప్ప అంటే నేను గొప్ప అని రాముని ముందు తగాదా పడతాయి. రెండింటినీ ఆరు నెలలు చెరలో పెడితే వడ్లు చెడిపోతాయి, రాగి చెక్కుచెదరదు. కథ అయినా, రైతుకు తెలిసిన నిజమే అది. రాగులు ఏండ్ల తరబడి పురుగు పట్టకుండా ఉంటాయి. వాన నమ్మకం లేని సీమకు అట్లాంటి గింజే కావాలి. మన జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లే కదా.

ఊరిబిండి

వేయించిన చెనిక్కాయ విత్తనాలు ఒక గ్లాసు, వేయించిన మిరపకాయలు, చింతపండు, జీలకర్ర, తెల్లగడ్డ, ఉప్పు రోట్లో వేసి బరకగా నూరాలి. కడాన ఎర్రగడ్డ వేసి ఒక దెబ్బ కొట్టాలి. సంగటికి దీనికంటే జోడు లేదు.

ఇది అనాది కాలం వంట అనుకుంటాం. చెనిక్కాయ, మిరపకాయ రెండూ సముద్రాలు దాటి అమెరికా ఖండం నుండి వచ్చిన పంటలే. మన చేలల్లో చెనిక్కాయ బాగా పరుచుకున్నది మన అమ్మల కాలంలో. అమ్ముకుంటే డబ్బు చేతికొస్తుందని కొర్ర, జొన్న, అలసంద వేసే చేలల్లో కూడా అదే వేసినారు. డబ్బు వచ్చిన ఏడు వచ్చింది. వాన తప్పిన ఏడు అప్పూ మిగిలింది, తినడానికి గింజా లేకపోయింది. ముందు ఒకే చేన్లో నాలుగు రకాలు వేసేవాళ్ళు కాబట్టి ఒకటి పోయినా ఒకటి ఇంటికి వచ్చేది.

గురుగాకు, చెంచలాకు పప్పు

కందిబేడలు ఉడికించి, గురుగాకో చెంచలాకో కడిగి తరిగి వేసి, పచ్చిమిరపకాయలు, చింతపండు వేసి మెత్తబడినాక పప్పుగుత్తితో ఎనిపి, తెల్లగడ్డ తిరవాత పెట్టాలి. ఈ ఆకులు ఎవరూ విత్తరు, కలుపు తీసేటప్పుడు ఒడిలో వేసుకుని తెచ్చుకునేవి.

కందిబేడలు లేని రోజుల్లో ఒట్టి ఆకే ఉడికించి తిన్నారు. 1876 నుండి 1878 దాకా, ధాత, ఈశ్వర సంవత్సరాల్లో వచ్చిన కరువులో మన సీమలో లెక్కలేనంత మంది చచ్చిపోయినారు. అప్పుడు సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర కరువు పనుల కూలి తగ్గించినాడు. పొద్దంతా పని చేసిన మగమనిషికి ఒక పౌండు ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, దాని మీద కొంచెం డబ్బు. ఆడమనిషికి అంతకంటే తక్కువ. ఉపాధి పనిలో ఆడ మగ కూలి ఒకటే అని మనం ఈరోజు గట్టిగా అడుగుతున్నామంటే, ఆ మాట వెనక ఇంత పాత బాధ ఉంది.

1952 కరువు నాటికి మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. అప్పుడు గంజి కేంద్రాలు పెట్టినారు. మా ఊరి పెద్దవ్వ ఒకామె వాళ్ళమ్మ చంకలో ఉండి ఆ గంజి తాగిందంట. ఆమె ఇప్పటికీ గంజి పారబోయనీయదు.

కొర్రన్నం, దాని వెనక రోకలి

కొర్ర బియ్యం కడిగి గంటసేపు నానబెట్టి, గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్ళు పోసి వండుకోవాలి. ఉలవచారు గానీ మజ్జిగ గానీ పోసుకోవాలి. వండడం ఇంతే సులువు.

కష్టమంతా వండకముందే. కొర్రలను ఎండబెట్టి, రోట్లో పోసి, రోకలితో దంచి, చెరిగి, మళ్ళీ దంచాలి. రాగులను విసురురాయిలో విసరాలి. కోడి కూయకముందే లేచి ఈ పని చేసి, తర్వాత చేనికి పోయి, వచ్చి మళ్ళీ వండాలి. బాలింతలకు కూడా తప్పేది కాదు. అందరూ తిన్నాక అడుగున ఉన్నది తాను తినాలి. పాత తిండి బలమైనదని ఇప్పుడు అందరూ చెబుతున్నారు. ఆ బలం కోసం ఎవరి రెక్కలు అరిగినాయో కూడా చెప్పాలి.

రెండు రూపాయల బియ్యం

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చింది. అవ్వలంతా ఆ సంవత్సరం గురించి సంతోషంగానే చెప్పినారు. పండగనాటి అన్నం రోజూ వచ్చింది. దంచే పని పోయింది, విసిరే పని పోయింది. కొర్ర ఎందుకు పోయిందంటే రుచి లేక పోలేదు, ఆడదాని నడుము నొప్పి తగ్గే దారి ఇంకొకటి కనబడింది కాబట్టి పోయింది.

అదే కాలంలో కూలి డబ్బు సారా అంగడికి పోయేది. చౌక బియ్యం తెచ్చుకోవడానికి కూడా ఇంట్లో డబ్బు ఉండేది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే పొదుపు సంఘాలు పెరిగినాయి. మన సమాఖ్యలకు వేరు అక్కడ ఉంది.

బియ్యం మంచే చేసింది, ఒక లోటు కూడా తెచ్చింది. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. బియ్యంలో పది మిల్లీగ్రాముల దగ్గరే. మూడు పూటలా తెల్లన్నం, పైన నీళ్ళ చారు తింటే మోకాళ్ళు, నడుములు ఎట్లా ఉంటాయో మనకే తెలుసు.

ఉగ్గాని

బొరుగులు నీళ్ళలో వేసి వెంటనే పిండి పక్కన పెట్టాలి. ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ, కరివేపాకు తిరవాత పెట్టి, పసుపు, ఉప్పు వేసి, బొరుగులు కలిపి, పప్పుల పొడి చల్లాలి. పక్కన మిరపకాయ బజ్జి. బళ్ళారి నుండి కర్నూలు దాకా పొద్దున పూట ఇదే టిఫిను. పెట్టుబడి తక్కువ, పని పది నిమిషాలు. మన సభ్యుల్లో ఎంతోమంది సంఘం అప్పుతో బండి పెట్టుకుని పిల్లల్ని చదివించింది ఉగ్గాని మీదనే. ఇంటి వంట ఆడదానికి సంపాదన అయిన వంట ఇది.

మేము అనుకున్నవి

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నది. ఒకప్పుడు సంగటి తింటామని చెప్పడానికి మన పిల్లలు బడిలో సిగ్గుపడినారు. ఇప్పుడు పట్నం హోటళ్ళలో సంగటి, నాటుకోడి అని బోర్డులు రాసి మంచి ధరకు అమ్ముతున్నారు. లాభం మన చేతికి రావాలంటే వంటా, గింజా రెండూ మన దగ్గర ఉండాలి. మా సంఘంలో ఇట్లా తీర్మానం చేసుకున్నాం:

వారానికి రెండు రోజులు ప్రతి సభ్యురాలి ఇంట్లో సంగటో కొర్రన్నమో వండాలి. ఇంటి ఆడమనిషి కూడా అందరితో కలిసి కూర్చొని తినాలి.

చెనిక్కాయ వేసే చేన్లో కొన్ని సాళ్ళు కొర్ర, కంది, అలసంద వేయాలి. గట్ల మీద కలుపు మందు కొట్టకుండా ఆకుకూరలను బతకనివ్వాలి.

కొర్రలు పొట్టు తీసే మిషన్ కోసం మండల సమాఖ్యలో అప్పు అడగాలి. మళ్ళీ రోకలి పట్టమని మన కోడళ్ళకు చెప్పే హక్కు మనకు లేదు.

ప్రతి సంఘంలో పెద్దవ్వలు చెప్పే వంటలను ఒక నోటుబుక్కులో రాసిపెట్టాలి. చదువు రాని అవ్వ చెబితే పదో తరగతి పిల్ల రాయొచ్చు. మేము అడగడానికి పోయేసరికి ఇద్దరు అవ్వలు అప్పటికే లేరు. వాళ్ళ వంటలు వాళ్ళతోనే పోయినాయి. మీ ఊళ్ళో ఉన్నవాళ్ళను ఈ నెల సమావేశంలోనే అడగండి అక్కా.